నెల్లూరు లోకల్ లైఫ్‌స్టైల్, మార్కెటింగ్ రాతల వెనక ఎవరుంటారు? ఒంగోలు నుంచి అందులో చేరొచ్చా?

ఒంగోలులో డిగ్రీ అయిపోయిందని, తెలుగు బాగా రాస్తానని మీరు చెప్పారు. నెల్లూరు హోటళ్లు, చీరల షాపులు, బీచ్‌ల గురించి వచ్చే రాతలన్నీ ఒక్కరే రాస్తారా, టీమ్ ఉంటుందా, అందులో మీకు చోటు దొరుకుతుందా అని అడిగారు. నేను నెల్లూరులో అలాంటి టీమ్‌లోనే రాస్తున్నాను కాబట్టి దగ్గరగా చూసింది చెప్తాను.

మేం పట్టుమని పదిమందిమి కూడా లేము. షాపుల చుట్టూ తిరిగి యాడ్‌లు తెచ్చే కుర్రాడు, ఫొటోలూ వీడియోలూ తీసేవాళ్లు, లెక్కలు చూసే ఆయన, మ్యాటర్ రాసే మేము. ప్రూఫ్ చూసేది రిటైరైన తెలుగు మాస్టారు. ఇదివరకు ఒక పేపర్‌కి మండల కంట్రిబ్యూటర్‌గా చేసిన అన్న కూడా ఉన్నాడు, ఎవరిని అడిగితే ఏ సంగతి తెలుస్తుందో అతనికి కంఠతా వచ్చు. కానీ మా టీమ్‌కి ప్రాణం ఎవరంటే స్టోన్‌హౌస్‌పేటలో పుట్టి పెరిగిన ఒక అక్క. ఆమె పేరు ఏ ఐటమ్ కిందా కనపడదు. రాయదు, టైప్ చేయదు. ఊరంతా తిరిగి వచ్చి వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. మేం రాసేదాంట్లో సగం ఆమె కళ్లతో చూసిందే.

ఒకసారి రొట్టెల పండుగ ముందు ఒక బట్టల షాపు యాడ్‌కి బయటి ఏజెన్సీ నుంచి మ్యాటర్ వచ్చింది. రొట్టెల పండుగ అనే పేరు చూసి అదేదో ఫుడ్ ఫెస్టివల్ అనుకున్నారు వాళ్లు. "రుచుల సంబరం, డిస్కౌంట్ల సంబరం" అని రాసి పంపారు. అక్క విని "ఏంది అబ్బయ్యా ఇది, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం కావాల్సినవాళ్లు ఉద్యోగ రొట్టె, పెళ్లి కుదరాల్సినవాళ్లు పెళ్లి రొట్టె అందుకుంటారు. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి అదే కోరిక రొట్టెను ఇంకొకరి చేతిలో పెడతారు. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. అక్క తన చెల్లెలి కోసం సంతాన రొట్టె పట్టుకున్న మనిషి. ఆమె ముందు కూర్చుని డిస్కౌంట్ సంబరం అని ఎవరు రాస్తారు? ఆ మ్యాటర్ పక్కన పెట్టి, పిల్లలతో వచ్చేవాళ్లు ఏ వేళకి బయల్దేరితే మంచిది, తడిబట్టలు మార్చుకోవడానికి ఏం సర్దుకుని రావాలి అన్న విషయాలు రాసి, చివర షాపు పేరు వేశాం. షాపు ఓనరు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఆయనదీ ఈ ఊరే కదా.

చేపల పులుసు సంగతీ అంతే. ఫొటో తీసే అబ్బాయి మొదట్లో పొయ్యి మీద నుంచి దించగానే తీసేవాడు. రాత్రి చేసిన పులుసు పొద్దునకి ఊరి, నూనె పైకి తేలాక తియ్యమని చెప్పింది అక్కే. ముక్క విరక్కుండా గరిటె పెట్టకుండా కుండనే పట్టుకుని కదుపుతారు, ఆ చేతుల ఫొటో తియ్యి అంది. ఇప్పుడు ఆ అబ్బాయి తీసిన పులుసు ఫొటోలో మామిడి ముక్క కూడా చెదరకుండా కనిపిస్తుంది.

ఈ పనిలో టెన్షన్ పెట్టే సంగతి ఇంకోటుంది, అది చేరకముందే తెలియాలి. ఒక షాపువాళ్లు "అసలైన వెంకటగిరి చేనేత జాంధానీ" అని రాయమని చీరలు పంపారు. మా దగ్గర నేత కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె రాస్తుంది. కొంగు తిరగేసి చూసి తల అడ్డంగా ఊపింది. చేత్తో వేసిన జాంధానీ బుటా, అంటే నేతలోనే వేసే పువ్వు, వెనకవైపు కూడా ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది. ఆ చీరలకి వెనక బుటాల మధ్య దారాలు కత్తిరించిన కుచ్చులు ఉన్నాయి, అంటే మరమగ్గం పని. చేనేతేనని చూపే ప్రభుత్వ హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందా అంటే లేదు. చేనేత అన్న మాట తీసేస్తే రాస్తామన్నాం. వాళ్లు ఒప్పుకోలేదు, పార్టీ పోయింది. లెక్కలు చూసే ఆయన ఒక్క మాట అనలేదు, నాకు ఆయన మీద గౌరవం ఆ రోజే రెట్టింపయింది. వెంకటగిరి 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లినా ఆ చీర నేసేవాళ్లు మాకు పరాయివాళ్లు కాలేదు. వాళ్ల పేరు చెప్పి ఇంకోటి అమ్మడానికి మా మాటలు పనికిరాకూడదు.

చట్టం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. డబ్బో, గిఫ్టో తీసుకుని పొగిడితే అది ప్రకటన అని చదివేవాళ్లకి తెలిసేలా చెప్పాలి. మేం మొదటి లైన్‌లోనే వేస్తాం. డబ్బుకి బదులు చీరలు, హోటల్ బస ఇచ్చే పార్టీలూ ఉంటారు. 2022 జూలై నుంచి అలాంటివి ఏడాదికి 20,000 రూపాయలు దాటితే, బాగా చిన్న వ్యాపారులు కాకపోతే, ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ (ఇచ్చే దగ్గరే పట్టుకునే ఆదాయపు పన్ను) కట్టాలి. కాబట్టి ఫ్రీగా వచ్చిందని తీసుకుని మర్చిపోవద్దు, రాసిపెట్టుకోండి.

జీతం విషయానికొస్తే చిన్న టీమ్‌లలో ఎక్కువగా ఐటమ్‌కి ఇంత అని ఇస్తారు. షాపు నుంచి డబ్బులు లేటయితే మీకు కూడా లేటే. ఎప్పుడు ఇస్తారో ముందే అడిగేయండి, మొహమాటపడకండి. అలాగే "స్పాట్‌కి ఎవరు వెళ్తారు?" అని కూడా అడగండి. ఎవరూ వెళ్లరు, షాపువాళ్లు పంపిందే తిప్పి రాస్తామంటే అక్కడ చేరొద్దనే చెప్తాను.

ఒంగోలు నుంచి నెల్లూరుకి నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే, రోజూ వచ్చి పోవడం కుదరదు. కుదరాల్సిన అవసరం కూడా లేదు. నెల్లూరు టీమ్‌లకి ఆ వైపు మనిషి కావాలి. కొత్తపట్నం బీచ్, చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకల గురించి ఇక్కడ కూర్చుని మేం రాస్తే అది ఏజెన్సీ మ్యాటర్‌లాగే ఉంటుంది. శాంపిల్ అడిగితే నెల్లూరు గురించి రాయకండి. మీ వీధిలో మీరు రోజూ వెళ్లే టిఫిన్ కొట్టు మీద రాయండి. ఓనరుని అడిగి, రేట్లు సరిచూసుకుని, ఆయన మాటలు ఆయన యాసలోనే పెట్టండి. ఓ పేజీ చాలు.