గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత బొడ్డు దగ్గర నీరు కారుతోంది

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్లు, షుగరు ఉంది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు తొమ్మిది రోజుల క్రితం విజయవాడలో కీహోల్ ఆపరేషన్ చేశారు. మిగతా గాట్లు మానాయి గానీ బొడ్డు దగ్గర పల్చటి నీరు కారుతోంది. మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వాడవచ్చా? చీము పడుతుందని బంధువులు పప్పు, గుడ్డు మానిపించారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పొట్ట కోసి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే ఇందులో ఇన్‌ఫెక్షన్ తక్కువే. వస్తే తరచుగా బొడ్డు గాటుకే వస్తుంది, ఎందుకంటే ఆ మడతలో చెమట, మురికి నిలుస్తాయి, రాళ్లున్న గాల్‌బ్లాడర్ తిత్తిని కూడా కొందరికి అక్కడి నుంచే బయటికి తీస్తారు. వాసన లేని పల్చటి నీరు కాస్త ఊరినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ అనుకోనక్కరలేదు. చుట్టూ ఎర్రబడి, గట్టిపడి, నొప్పి రోజురోజుకూ పెరుగుతూ, నీరు చీముగా చిక్కబడితే మాత్రం అనుమానించాలి. షుగరు ఉంది కనుక అంతవరకూ ఆగకుండా రేపే సర్జన్‌కు చూపించండి. చాలాసార్లు ఒక కుట్టు విప్పి చీము బయటికి పోనిస్తే సరిపోతుంది. దయచేసి షాపులో అడిగి మందు వాడవద్దు.

పసుపు, కొబ్బరినూనె రాయకండి. స్నానమయ్యాక శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరనివ్వండి. లంగా బొందు సరిగ్గా ఆ గాటు మీదే ఒరుసుకుంటుంది కాబట్టి మానేవరకు వదులు నైటీ మేలు. పప్పు, గుడ్డు వల్ల చీము పట్టదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి, కనుక ఈరోజు నుంచే పెట్టండి. షుగరు అదుపులో ఉంచడం వీటన్నిటికన్నా ముఖ్యం.

చలితో జ్వరం, పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, గాటు నుంచి పసుపుపచ్చ పసరు రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లోపల పైత్యరసం కారుతున్నా, కాలేయం కింద చీము చేరినా ఇలా ఉంటుంది.

మరొకటి. మానిపోయిన మచ్చ దగ్గర కొన్ని వారాల తర్వాత గడ్డ లేచి, రసి కారుతూ, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగకపోతే, క్షయ క్రిమి జాతికి చెందిన, నీటిలో బతికే మైకోబాక్టీరియా కారణం కావచ్చు. పరికరాల శుద్ధిలో లోపం వల్ల ఇది సోకుతుంది. మామూలు కల్చర్‌లో (రసిలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) దొరకకపోవచ్చు కాబట్టి దానికోసం ప్రత్యేక పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి. చికిత్స నెలల తరబడి సాగుతుంది.