పెద్ద పంపు పెడితే కంప్యూటర్ చల్లబడుతుందా?

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ చేసే నా కంప్యూటరుకు నీటితో చల్లబరిచే ఏర్పాటు ఉంది. అయినా ఎండాకాలంలో ప్రాసెసర్ బాగా వేడెక్కుతోంది. పంపు పెద్దదైతే గొట్టాలలో నీళ్లు సుడులు తిరుగుతూ పారి వేడిని ఎక్కువగా లాగుతాయని ఒక మిత్రుడు అంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ మిత్రుడు చెప్పిన సూత్రం సరైనదే. పొరలు పొరలుగా సాగే ప్రవాహంలో గోడను ఆనుకున్న నీళ్లు వేడెక్కినా నడిమి నీళ్లకు ఆ వేడి త్వరగా అందదు. సుడులు లేచినప్పుడు రెండూ కలిసిపోతాయి. ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1883లో గాజు గొట్టంలోకి రంగు ధారను వదిలి ఈ తేడాను కళ్లకు కట్టారు. ప్రవాహ వేగం, గొట్టం వెడల్పు, ద్రవం చిక్కదనాలను బట్టి లెక్కించే ఒక సంఖ్యను ఆయన పేరుతో పిలుస్తారు. అది గుండ్రని గొట్టంలో సుమారు 2300 లోపు ఉంటే ప్రవాహం నిలకడగా సాగుతుంది, 4000 దాటితే సుడులు తిరుగుతూ సంక్షుబ్ధమవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లున్న గొట్టంలో 35 డిగ్రీల నీళ్లు నిమిషానికి 4 లీటర్ల చొప్పున పారితే ఆ సంఖ్య 11 వేలు దాటుతుంది. అంటే మీ గొట్టాలలో సుడులు ఇప్పటికే ఉండి ఉంటాయి. అసలు వేడిని అందుకునే చోటు ప్రాసెసర్ మీది వాటర్ బ్లాక్. అందులో రాగి రేకుల మధ్య సందులు అర మిల్లీమీటరు కూడా ఉండవు కాబట్టి అక్కడ ఆ సంఖ్య సాధారణంగా కొన్ని వందలకు మించదు. సుడులు లేకపోయినా అక్కడ వేడి బాగానే అందుతుంది, ఎందుకంటే ఏ నీటి బొట్టూ రాగికి దూరంగా ఉండదు.

ప్రాసెసర్ 300 వాట్ల వేడిని వదిలినా, ఆ ప్రవాహంలో నీళ్లు బ్లాకును ఒక్కసారి దాటేటప్పుడు వేడెక్కేది దాదాపు 1 డిగ్రీ మాత్రమే. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే తగ్గేది అందులో సగం. అందుకు పంపు మీద ఒత్తిడి భారం దాదాపు నాలుగింతలవుతుంది, పంపు శక్తి కూడా చివరకు వేడిగా మారి చాలావరకు ఆ నీళ్లలోనే చేరుతుంది. అందుకే పంపు మీద డబ్బు పెట్టవద్దని నా గట్టి సలహా.

మే నెలలో మీ గది 38 డిగ్రీలుంటే, ఎంత పెద్ద పంపు పెట్టినా నీళ్లు అంతకన్నా చల్లబడవు. నీటి వేడిని గాలిలోకి వదిలే రేడియేటరులో పేరుకున్న దుమ్ము దులపండి. అది వదిలే వేడి గాలినే మళ్లీ పీల్చుకోకుండా చూడండి. బోరు నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి, సున్నం పేరుకుని ఆ సన్నని సందులు మూసుకుపోతాయి.

ఇవన్నీ చేశాక, పని జోరుగా సాగుతున్నప్పుడు నీటి ఉష్ణోగ్రత కొలవండి. నీళ్లు గదికన్నా 15 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటే మీకు కావలసింది ఇంకాస్త పెద్ద రేడియేటర్. నీళ్లు చల్లగానే ఉండి ప్రాసెసర్ మాత్రమే మండుతుంటే, వాటర్ బ్లాక్ విప్పి లోపలి సందులనూ దానికీ ప్రాసెసరుకూ మధ్య వేడి సాఫీగా అందేందుకు పూసే థర్మల్ పేస్టునూ పరిశీలించండి.