కొలతలిచ్చి చేయించే స్టెంట్ గ్రాఫ్ట్.. మూడు నెలలు ఆగవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని ఉప్పల్. నాన్నగారికి 69 ఏళ్లు, సిగరెట్ అలవాటుంది. ప్రోస్టేట్ కోసం స్కానింగ్ తీయిస్తే, కడుపులోని పెద్ద రక్తనాళం 5.8 సెంటీమీటర్లకు ఉబ్బినట్లు తెలిసింది. ఆ ఉబ్బు కిడ్నీ నాళాలకు ఆనుకునే ఉందట. స్టెంట్ గ్రాఫ్ట్‌ను ఆయన కొలతలకు చేయించాలని, రెండు మూడు నెలలు పడుతుందని చెప్పారు. అంతకాలం ఆగవచ్చా? సిద్ధంగా దొరికేది ఎందుకు వేయరు?

డాక్టర్ సలహా: ముందు రెండో ప్రశ్న చూద్దాం. మీరన్న పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, కడుపు భాగంలో మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది ఉబ్బితే అనూరిజమ్ అంటాం. గజ్జల్లోని నాళం గుండా గుడ్డ గొట్టం లాంటి స్టెంట్ గ్రాఫ్ట్‌ను పంపి, రక్తం ఉబ్బిన గోడను తాకకుండా గొట్టంలోంచే సాగేలా చేస్తాం. దాని పై అంచు పట్టు దొరకాలంటే కిడ్నీ నాళాల కింద కనీసం 10-15 మిల్లీమీటర్ల మంచి గోడ ఉండాలి. నాన్నగారికి ఆ జాగా లేనట్టుంది. గొట్టాన్ని ఇంకా పైకి జరిపితే కిడ్నీలకు రక్తం ఆగిపోతుంది. కాబట్టి ఆ నాళాలు మొదలయ్యే చోటే రంధ్రాలు ఉంచి గ్రాఫ్ట్‌ను కుట్టిస్తారు. రంధ్రాల్లోంచి చిన్న స్టెంట్లు కిడ్నీ నాళాల్లోకి వెళ్తాయి. ఆ చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది కనుక సిద్ధంగా దొరికేది సరిపోదు. చొక్కా చేతులు పక్కకు జరిపి కుడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ స్కాన్‌లో మిల్లీమీటర్ల లెక్కన కొలిచి, తయారుచేసేవారికి పంపుతారు. ఆ కొలతలకు తయారు కావడంలోనే జాప్యమంతా.

ఇక ఆగడం గురించి. మగవారిలో 5.5 సెంటీమీటర్లు దాటితే చికిత్స ఆలోచిస్తాం. నొప్పి లేని 5.8కి ఈ వ్యవధి సాధారణంగా ఫర్వాలేదు, అయితే ఈలోగా ఉబ్బు పగిలే ప్రమాదం అసలే లేదని ఎవరూ చెప్పలేరు. ఉబ్బు 7 దాటినా, వేగంగా పెరుగుతున్నా నేనైతే ఆగమనను. అప్పుడు పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ లాంటి వేరే దారులు చూడాలి. ఆయన గుండె, ఊపిరితిత్తులు దిట్టంగా ఉంటే ఇప్పుడు కూడా ఆ ఆపరేషన్ గురించి మీ సర్జన్‌ను అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

సిగరెట్ ఈరోజే మానాలి, ఉబ్బును పెంచేవాటిలో అది ముఖ్యమైనది. బీపీ మాత్రలు తప్పకూడదు. మామూలు నడక మానక్కర్లేదు. కడుపులో గానీ నడుములో గానీ హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా గ్యాస్ అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గ్రాఫ్ట్ వేశాక కూడా పని ముగియదు. దాని పక్కనుంచి రక్తం ఉబ్బులోకి కారవచ్చు, కాబట్టి జీవితాంతం స్కానింగ్‌లు ఉంటాయి. సీటీలో వాడే మందు కిడ్నీలపై భారం వేస్తుంది, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించండి.

ఇంకొకటి. ఈ జబ్బు కుటుంబాల్లోనూ కనిపిస్తుంది. నాన్నగారి తోబుట్టువులు, 50 ఏళ్లు దాటాక ఆయన పిల్లలు ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ తీయించుకోవడం మంచిది.