టెక్ సందేహాలు: తెరుచుకోని లింకును ఆధారంగా చూపడమెలా?

ప్రశ్న: తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. సిద్ధాంత గ్రంథంలో తెలుగు వికీపీడియా వ్యాసాలను, పత్రికల వెబ్‌సైట్లలోని వార్తలను ఉటంకించాను. వికీ లింకును వర్డ్‌లో పేస్టు చేస్తే తెలుగు అక్షరాలు పోయి శాతం గుర్తులతో రెండు వరుసలు నిండిపోతోంది. నిరుడు ఇచ్చిన వార్తల లింకులు కొన్ని ఇప్పుడు తెరుచుకోవడమే లేదు. ఏం చేయాలి?

జవాబు: శాతం గుర్తులు రావడం దోషమేమీ కాదు. వెబ్ చిరునామాల్లో వాడే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది కనుక ‘తెలుగు’ అనే చిన్న మాట 54 గుర్తులకు సాగుతుంది. లింకు పొట్టిగా కావాలంటే వ్యాసం చరిత్ర పేజీకి వెళ్లి, మీరు చదివిన నాటి కూర్పు తేదీపై నొక్కండి. అప్పుడు వచ్చే చిరునామాలో ‘ఓల్డ్‌ఐడీ’ అనే సంఖ్య ఉంటుంది. పేరు భాగాన్ని తొలగించి ఆ సంఖ్యను మాత్రమే ఉంచినా లింకు పనిచేస్తుంది, పైగా వ్యాసాన్ని తరువాత ఎవరు దిద్దినా మీరు చూసిన పాఠమే పరీక్షకులకు కనిపిస్తుంది. అయితే వికీ వ్యాసం అడుగున మూలాలు ఇచ్చి ఉంటే వాటిని తెరిచి చదివి, వాటినే ఉటంకించడం మేలని నా అభిప్రాయం.

తెరుచుకోని వార్తల లింకులను వెబ్ పేజీల పాత నకళ్లను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో వేసి చూడండి. ఎవరో ఒకరు ముందే భద్రపరచి ఉండవచ్చు. ఇకపై ఉటంకించే ప్రతి పేజీని అక్కడి ‘సేవ్ పేజ్ నౌ’తో ఆ రోజే దాచి, అసలు లింకు పక్కన ఆ నకలు లింకునూ ఇవ్వండి. నకలు చిరునామాలో కనిపించే 14 అంకెలు సంవత్సరం నుంచి సెకన్ల వరకు సమయాన్ని చెబుతాయి. అది మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, జులై 6 తెల్లవారుజామున 3 గంటలకు మీరు దాచిన పేజీ జులై 5 రాత్రి 9.30గా నమోదవుతుంది. పాదసూచికలో తేదీ వేసేటప్పుడు చాలామంది ఇక్కడే తడబడతారు.

లాగిన్ అడిగే ఈ-పేపర్లు ఈ పద్ధతికి లొంగవు. వాటికి లింకు కన్నా అచ్చు పత్రిక వివరాలే నమ్మదగినవి: తేదీ, పేజీ సంఖ్యలతో పాటు ఏ జిల్లా సంచికో తప్పక రాయండి, ఎందుకంటే ఒకే రోజు వరంగల్ సంచికలో వచ్చిన వార్త కర్నూలు సంచికలో ఉండకపోవచ్చు. పరిశోధన పత్రికల వ్యాసాలకు 10తో మొదలయ్యే డీఓఐ సంఖ్య (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) ఉంటే, వెబ్ చిరునామాకు బదులు దాన్నే ఇవ్వండి.