రాత్రిపూట వడ్ల ట్రాక్టర్లను వెనక నుంచి బైకులు గుద్దకుండా ఊళ్లో ఏం చేయొచ్చు?

వరికోతల కాలంలో ట్రాలీల వెనక బైకులు గుద్దుకుంటున్నాయని, అధికారుల కోసం ఎదురుచూడకుండా ఊరివాళ్లే చేయగలిగింది ఏమన్నా ఉందా అని అడిగారు. ఉంది. ముందుగా ఒక లెక్క చూడండి.

60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికే సెకనున్నర, అంటే 25 మీటర్లు. బ్రేకు బాగా పట్టినా ఆగడానికి ఇంకో 28 మీటర్లు కావాలి. మొత్తం 53. డిమ్ లైటులో మట్టి పట్టిన ట్రాలీ 30, 40 మీటర్ల దాకా వస్తే గానీ కనిపించదు. ఎదుటి బండి ఫుల్ లైటు కళ్లలో పడితే అది కూడా ఉండదు. ట్రాలీ 20 వేగంతో కదులుతుంటే సుమారు 30 మీటర్లలో వేగం తగ్గించుకుని తప్పించుకునే వీలుంది. ఆగిపోయి ఉంటే లేదు. అందుకే చెడిపోయి రోడ్డు మీద నిలబడ్డ ట్రాలీతోనే ప్రమాదం ఎక్కువ. బైకు నడిపేవాడు తాగి ఉన్నాడా లేదా అన్నది తర్వాతి సంగతి. తాగనివాడికీ ఆ దూరం చాలదు.

కాబట్టి మొదటి పని రేడియం టేపు. నంబరు ప్లేటు షాపుల్లో దొరికే పల్చటి స్టిక్కరు కాదు, లారీలకు వేసే తేనెతుట్టె గడుల టేపు కావాలి. దాని మీద ఏఐఎస్-090 (బండ్లకు వేసే టేపు నాణ్యత ప్రమాణం) అని అచ్చు ఉంటుంది. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. వెనక తెలుపు వేస్తే బండి ఎటు పోతోందో అర్థంకాక వచ్చేవాడు తికమకపడతాడు. డాల (ట్రాలీ వెనక తలుపు) అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక వరుస, రెండు మూలల్లో నిలువుగా ఒక్కో ముక్క వేయండి. కుడి మూలను అసలు వదలొద్దు, రోడ్డు మధ్యకు ఉండేది అదే. డిమ్ లైటు కిందికి పడుతుంది గనక మోకాలి నుంచి నడుము ఎత్తులో ఉన్న టేపు ముందు మెరుస్తుంది.

టేపు నెలకే ఊడిపోతోందంటే తప్పు టేపుది కాదు, కింద ఉన్న తుప్పుది. వైరు బ్రష్షుతో గీకి, థిన్నరు గుడ్డతో తుడిచి, పెయింటు వేసి, బాగా ఆరాక పొడి గుడ్డతో దుమ్ము తుడిచి అప్పుడు అంటించాలి. రివిట్ల మీదుగా సాగదీయకుండా అక్కడ కోసేయండి. రేకు మరీ సొట్టలుగా ఉంటే సన్నటి అల్యూమినియం పట్టీ మీద అంటించి, ఆ పట్టీని బోల్టులతో బిగించడం మేలు. రాత్రి 50 మీటర్లు వెనక్కి నడిచి, సెల్‌ఫోను టార్చిని కంటి పక్కనే పెట్టుకుని చూడండి. టార్చి కిందికి పట్టుకుంటే మంచి టేపు కూడా మసకగానే కనిపిస్తుంది, వెలుగు వచ్చిన వైపుకే తిరిగిపోతుంది కాబట్టి.

ఇక లైట్లు. ట్రాలీకి ఏడు పిన్నుల సాకెట్టు పెట్టించినా నాలుగు రోజులకే వెలగవు. కారణం దాదాపు ఎప్పుడూ ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. చాలామంది ఎర్త్ వైరు వేయకుండా ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే హుక్కు పిన్ను మీదే ఆధారపడతారు. అక్కడ గ్రీజు, తుప్పు. బ్రేకు తొక్కగానే వెనక లైటు మసకబారినా, ఇండికేటరుతో పాటు అన్నీ మినుకుమన్నా ఎర్త్ పోయినట్టే. ట్రాక్టరు నుంచి ట్రాలీ దాకా విడిగా ఎర్త్ వైరు లాగండి. మలుపుల్లో తెగకుండా కొంచెం వదులు ఉంచండి, నేలకు మాత్రం రాసుకోకూడదు. గడ్డి, పత్తి వేసినప్పుడు లోడు వెనక్కి వాలి లైటునూ టేపునూ కప్పేస్తుంది. అప్పుడు లోడు చివరన బ్యాటరీతో మిణుకుమనే ఎర్ర లైటు కట్టాలి, ఇంకో దారి లేదు.

రోడ్డెక్కే ముందు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేయండి. పొలంలో మలుపు కోసం విడదీసి అలాగే వచ్చేస్తారు. వేగంలో ఒక్కటే తొక్కితే ట్రాక్టరు పక్కకు లాగి బోల్తాపడొచ్చు.

బండి చెడిపోతే వీలైనంత మట్టి బాటలోకి దింపండి. దించలేకపోతే కనీసం 50 మీటర్లు వెనక, హైవే అయితే 100కు పైనే, రిఫ్లెక్టరు ట్రయాంగిల్ పెట్టండి. మలుపు ఉంటే, వెనక నుంచి వచ్చేవాళ్లకు మలుపు తిరగకముందే కనిపించేలా మలుపుకు అవతలే పెట్టాలి. ట్రాలీ మీద ఎవరినీ కూర్చోనివ్వొద్దు. రాళ్లు, చెట్టు కొమ్మలు పెట్టే అలవాటు మానాలి. చీకట్లో అవి ట్రాలీ కన్నా తక్కువ కనిపిస్తాయి, బండి తీసుకుపోయాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టే రాళ్లదీ, నల్ల టార్పాలిన్‌దీ ఇదే ప్రమాదం. ఆరబోత తప్పదంటే సాయంత్రం చీకటి పడకముందే కుప్ప, టార్పాలిన్, రాళ్లు అన్నీ రోడ్డు దిగిపోవాలి. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033కు, ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోను చేయండి.

ఇవన్నీ ఇంటింటికీ తిరిగి చెప్పనక్కర్లేదు. ఊళ్లోని ట్రాలీలన్నీ సీజనులో వడ్ల కొనుగోలు కేంద్రానికి వస్తాయి. సీరియల్ రాసే చోటే ఒక టేపు చుట్ట, వైరు బ్రష్షు, థిన్నరు, నాలుగు ఎర్ర లైట్లు పెట్టి, వంతు వచ్చేలోపు వెనకవైపు చూసి అంటించేయండి. పంచాయతీ టేపు కొనిస్తే చాలు, అంటించడానికి చేతులు అక్కడే ఉంటాయి.