మాంసం మానేస్తే నోట్లోని బ్యాక్టీరియా మారుతుందా?

మారుతుంది, కానీ మాంసం మానేయడం కంటే దాని బదులు ఏం తింటున్నామన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 160 మంది లాలాజలాన్ని పరీక్షిస్తే వీగన్లకూ (పాలు, గుడ్లు సహా జంతువుల నుంచి వచ్చేవేవీ తిననివాళ్లు), అన్నీ తినేవాళ్లకూ బ్యాక్టీరియా పాళ్లలో తేడా కనిపించింది.

ఆసక్తికరమైన కథ ఆకుకూరలది. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలో నైట్రేట్ దండిగా ఉంటుంది. తిన్నాక అది రక్తంలో కలుస్తుంది, అందులో దాదాపు నాలుగో వంతును లాలాజల గ్రంథులు లాగి మళ్లీ నోట్లోకే వదులుతాయి. నాలుక వెనకభాగపు గాడుల్లో ఉండే నైసీరియా, రోథియా లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మింగాక అదే నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను వదులు చేస్తుంది, బీపీ కాస్త తగ్గుతుంది. నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే పని మన శరీర కణాలు సొంతంగా పెద్దగా చేయలేవు. అందుకే డాక్టర్ చెప్పకుండా క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందున్న మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలించడం నాకు నచ్చదు, ఈ బ్యాక్టీరియా కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక రెండో వైపు. మైసూర్‌పాకు, బెల్లం అటుకులు, పంచదార టీ కూడా శాకాహారమే కదా! దవడ పళ్ల సందుల్లో ఇరుక్కున్న అటుకులను స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ (ఆమ్లత కొలమానం, ఎంత తగ్గితే అంత ఆమ్లం) సుమారు 5.5 కంటే దిగితే పంటి పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుంది. గంటకోసారి ఏదో ఒకటి నమిలేవాళ్లకు లాలాజలం తేరుకునే వ్యవధే ఉండదు. పళ్ల డాక్టరు దగ్గర శాకాహారులు కూడా క్యూలో కూర్చునేది ఇందుకే.