బొమ్మలు వేయడం రాకపోయినా కలంకారీ వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చా?

బొమ్మలు వేయడం అసలు రాదు, మూడు రోజుల వర్క్‌షాప్‌లో చేరితే అందరి ముందూ నవ్వులపాలవుతానేమో అని అడిగారు కదా. రెండేళ్ళ కిందట నేనూ ఇదే టెన్షన్‌తో వెళ్ళానండీ. బొమ్మ దగ్గర నాకు ఇబ్బందే రాలేదు, ఇబ్బందంతా పాల దగ్గర వచ్చింది. అది తర్వాత చెబుతాను.

చేరేముందు ఒకటి కనుక్కోండి, కలంతో గీయడమా, అచ్చులతో అద్దడమా అని. శ్రీకాళహస్తి పద్ధతిలో గీత ప్రతిదీ చేత్తో గీస్తారు. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెంటినీ కలంకారీ అనే పిలుస్తారు కాబట్టి ఒకటి అనుకుని ఇంకోదానికి వెళ్ళే ప్రమాదం ఉంది. నేను నేర్చుకున్నది మొదటిది.

బొమ్మ సంగతి. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు గుడ్డ మీద లేతగా గీసుకుంటారు, తప్పైతే దులిపేస్తే పోతుంది. మాకు నేర్పించినాయన చూసి గీసుకోవడానికి తీగలు, ఆకులు, నెమళ్ళ నమూనాలు ఇచ్చారు. అసలు కష్టం కలం పట్టుకోవడంలో ఉంది. అది మనం రాసే పెన్ను లాంటిది కాదు. మొన చెక్కిన వెదురుపుల్లకి మధ్యలో ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగు నీళ్ళని పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో మెల్లగా నొక్కితే మొన దాకా దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో తెగిపోతుంది. మొదటి రోజు సాయంత్రం దాకా నేను నేర్చుకున్నది ఆ నొక్కుడు ఒక్కటే. నా పక్కన కూర్చున్నావిడ బొమ్మలు చాలా బాగా వేస్తారు, ఆవిడకీ నాకూ పడిన బొట్లు ఇంచుమించు సమానం!

నల్లరంగు ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి తీసింది. గిన్నెలో చూస్తే అంత నల్లగా ఉండదు, గుడ్డకి తగిలాక నలుపెక్కుతుంది. ఎందుకంటే గుడ్డని ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెట్టి ఉంచుతారు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు వస్తుంది. పాలలోని కొవ్వు రంగుని పక్కకి పాకనివ్వదు.

ఇక్కడే నా తెలివి చూపించాను. వర్క్‌షాప్ అయ్యాక ఇంట్లో సొంతంగా గుడ్డ తయారు చేసుకుంటూ, చిక్కటి గేదెపాలు ఎందుకులే అని వెన్న తీసిన ప్యాకెట్ పాలలో నీళ్ళు కూడా కలిపాను. గీసిన ప్రతి గీతా ఈకలా విచ్చుకుంది. కలం పాడైందనుకుని మొన మూడుసార్లు చెక్కాను. నేర్పించినాయనకి ఫోటో పంపితే "కలం బాగానే ఉందమ్మా, పాలు ఏం పోశావు?" అని అడిగారు. ఆయన చూడగానే పట్టేశారు, నాకు సగం రోజు పోయింది. అందుకే గుడ్డ తయారీ కూడా మీ చేత చేయిస్తారా, లేక సిద్ధం చేసిన గుడ్డే ఇస్తారా అని తప్పకుండా అడగండి. చేయిస్తామంటే కళ్ళు మూసుకుని చేరిపోండి.

మూడు రోజుల్లో జేబురుమాలు కంటే కాస్త పెద్ద ముక్క పూర్తవుతుంది, అదీ నలుపు, ఎరుపు మాత్రమే. మాకు నీలం దాకా రాలేదు. ఎరుపు మాత్రం చూసి తీరాలి. పటిక నీళ్ళు పూసిన చోట కంటికి దాదాపు ఏమీ కనిపించదు. గుడ్డ ఉతికి మంజిష్ఠ (ఎర్రరంగునిచ్చే వేరు) వేసిన నీళ్ళలో ఉడికిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల లేతగా అంటిన రంగు ఉతుకులో చాలావరకు పోయింది. అందరం గిన్నె చుట్టూ చేరి పిల్లల్లా తొంగి చూశాం.

ఉతకడం తేలిక అనుకోకండి. పటిక పూసిన గుడ్డని పారే నీళ్ళలో పరిచి కడగాలి. మాకు బకెట్లే ఉన్నాయి. నీళ్ళు మార్చడానికి నేను బద్ధకించాను, అదనంగా ఉన్న పటిక పక్కకి అంటుకుని నా నెమలి మెడ దగ్గర ఎర్రటి మచ్చ తేలింది.

ఏం తీసుకెళ్ళాలంటే, పాత బట్టలు వేసుకోండి, ఇంకో పాత గుడ్డ చేతిలో ఉంచుకోండి. తడి గుడ్డ ఇంటికి తెస్తే పాల వాసన మామూలుగా ఉండదు, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. కరక్కాయ కలిపిన చేత్తో ఆ ఇనుప నీళ్ళు ముట్టుకుంటే గోళ్ళు నల్లబడతాయి. నావి మామూలు కావడానికి వారం పైనే పట్టింది, మీకు దగ్గర్లో పెళ్ళిళ్ళేమైనా ఉంటే తేదీ చూసుకుని చేరండి.